ఖాళీ బల్ల మీద పరీక్ష

ఓడరేవు కస్టమ్స్ ఆఫీసులో అందరూ ఆవిడను మిరపకాయ అంటారు. ఎదురుపడితే మాత్రం చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి మరీ మేడమ్ అంటారు. బయటి దేశాల నుంచి వచ్చిన సరుకుకు కాగితాలు చూపించి, సుంకం కట్టించి, గేటు దాటించడం ఆవిడ పని. క్లియరింగ్ ఏజెంటుగా ఇరవై మూడేళ్లుగా ఆ మెట్లు ఎక్కి దిగుతోంది. ఆవిడ నోటికి జడిసి ఫైళ్లు కదిలిన రోజులున్నాయి. ఆ నోటి వల్లే ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. ఈ రెండో రకం గురించి ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తదు.

ఆ రోజు పదకొండు గంటల విచారణకు పదింపావుకే వచ్చి, వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతోంది. కూర్చోవడానికి బెంచీ ఉంది. కానీ దాని మీద ఆడపడుచు కూర్చుని ఉంది. వదినా ఆడపడుచులకు ఆరేళ్లుగా మాటల్లేవు. అత్తగారు వదిలిపోయిన ఒక ఇనప బీరువా గురించి నీకంటే నీకని మొదలై, నాకంటే నాకని ముగిసిన గొడవ అది. మధ్యలో నలిగిపోయిన అన్నగారు ఇప్పటికీ చెల్లెలి ఇంటికి వెళ్లాలంటే బజారుకని చెప్పి వెళతాడు.

ఆడపడుచు పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డుకు హెడ్ నర్సు. ఆసుపత్రి తెప్పించిన సరుకు కస్టమ్స్‌కు వస్తోందని తెలిసినప్పుడు, ఊళ్లో వందమంది ఏజెంట్లుండగా ఆమె నేరుగా వదినగారి ఆఫీసుకే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "నీతో మాటలు లేకపోతే లేకపోయాయి వదినా, నీ పని మీద నాకు నమ్మకముంది" అని కాగితాలు బల్ల మీద పెట్టింది. మిరపకాయకు ఆ మాట లోపల ఎంత తియ్యగా తగిలిందో చెప్పలేం. పైకి మాత్రం, "సంతకం సరిగ్గా పెట్టావా?" అని అడిగింది.

ఆ సరుకు పద్నాలుగు చిన్న చాపలు. అరచెయ్యి వెడల్పు, వేలు మందం, చివర ఒక తీగ, తీగ చివర సబ్బుపెట్టెంత డబ్బా. పసిబిడ్డ పరుపు కింద పెడితే, ఊపిరికి పొట్ట లేచి పడే కదలికను పసిగడుతుంది. ఇరవై సెకన్లు కదలిక లేకపోతే గట్టిగా మోగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. అరికాలి మీద వేలితో మీటితే చాలామందికి మళ్లీ గుర్తొస్తుంది. కానీ మీటాలంటే ముందు ఎవరికో తెలియాలి కదా. ఆ వార్డులో పద్నాలుగు ఉయ్యాలలు, ఇద్దరు నర్సులు.

చాపలు వచ్చి ఇరవై ఆరు రోజులైంది. కస్టమ్స్ వాళ్లు ఒకదాన్ని నమూనాగా తీసి తమ లాబుకు పంపారు. లాబు రిపోర్టు రెండు వాక్యాలు. "స్విచ్ వేసిన ఇరవై సెకన్లకు ఆగకుండా మోగును. వేరే పని ఏదీ కనబడలేదు." ఆ రెండు వాక్యాలు పట్టుకుని వర్గీకరణ అధికారి, ఇది వైద్య పరికరం కాదు, దొంగల అలారం జాతికి చెందిన వస్తువు అని తేల్చాడు. దొంగల అలారాలు తెప్పించాలంటే భద్రతా శాఖ లైసెన్సు ఉండాలి. పసిపిల్లల వార్డుకు అది ఎందుకుంటుంది? లైసెన్సు లేదు కాబట్టి వచ్చిన ముప్ఫై రోజుల్లోగా సరుకును వెనక్కి పంపాలి, లేకపోతే రోలరు కింద తొక్కిస్తామని నోటీసు వచ్చింది. నాలుగు రోజులు మిగిలాయి.

"ఏమంటారు వదినా ఇవాళ?" అంది ఆడపడుచు బెంచీ మీద నుంచి.

"వాళ్లేమంటారన్నది కాదు. నేనేమంటానో చూడు."

"అరవకు."

"అరవను. అడుగుతాను. ఆ అడగడమే వాళ్లకు అరిచినట్టు వినబడితే నేనేం చెయ్యను?"

ఆడపడుచు నవ్వలేదు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్ల కింద నల్లగా ఉంది. "నీకు చెప్పలేదు" అంది చేతులు చూసుకుంటూ. "చాపలు వచ్చిన పదకొండో రోజున ఒకడు పోయాడు. రెండో వరసలో చివరివాడు. మధ్యాహ్నం రెండున్నరకి. నేను ఇంకో ఉయ్యాల దగ్గర సూది మారుస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి నీలంగా అయిపోయి ఉన్నాడు. ఎంతసేపైందో కూడా తెలీదు."

మిరపకాయ నడక ఆగిపోయింది.

"ఆ చాప ఉంటే బతికేవాడని నేననను. ఎవరనగలరు? కానీ మోగేది వదినా. నేను పరిగెత్తేదాన్ని."

అంతే, మిరపకాయకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపం ఎవరి మీదో ఆవిడకు ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు. తలుపు అవతల కూర్చున్న అధికారి మీద, రెండు వాక్యాల రిపోర్టు రాసిన లాబు వాడి మీద. మంత్రి నుంచి గేటు కాపలా వరకు అందరినీ మనసులో వరసగా నిలబెట్టి తిట్టింది. ప్యూను వచ్చి పిలిచేసరికి ఆవిడ పళ్లు నొప్పెడుతున్నాయి, అంతగా నూరింది.

వర్గీకరణ అధికారిని ఆఫీసులో కామా సారు అంటారు. కామా ఒకటి తగ్గిందని ఓడెడు సరుకును వారం రోజులు ఆపిన ఘనత ఆయనది. మనిషి మెత్తన. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, ఎవరికీ పని చేసిపెట్టడు. బల్ల మీద ఏ సరుకు ఏ జాతో, ఎంత సుంకమో చెప్పే లావుపాటి టారిఫ్ పుస్తకం, పక్కన నాలుగు రంగుల పెన్సిళ్లు.

"కూర్చోండమ్మా. ముందే చెబుతున్నాను, నాకు మీ మీద కోపమేమీ లేదు."

"నాకుందండీ" అంది మిరపకాయ, కూర్చోకుండానే. "పసిబిడ్డ ఊపిరి చూసే పరికరాన్ని దొంగల అలారం అన్నారు. ఆ ఉయ్యాలల్లో దొంగలెవరండీ? కిలోన్నర బరువున్న దొంగలా?"

"వదినా" అంది ఆడపడుచు చిన్నగా.

"నేనన్నది కాదమ్మా, పుస్తకం అంటోంది." ఆయన ఎర్ర పెన్సిలుతో పేజీ చూపించాడు. "ఎనభై అయిదో అధ్యాయం. విద్యుత్తుతో మోగే, వెలిగే హెచ్చరిక పరికరాలు. ఇది మోగుతోంది. లాబు రిపోర్టు ఉంది."

"అదే పుస్తకంలో ఆ విభాగం మొదట్లో ఒక నోటు ఉంటుంది, చదివారా? తొంభయ్యో అధ్యాయంలోకి వచ్చే వస్తువులేవీ ఈ విభాగంలోకి రావని. తొంభయ్యో అధ్యాయమంటే కొలిచే పరికరాలు, వైద్య పరికరాలు. ఇది కదలికను పసిగట్టే వైద్య పరికరం. మోగడం దాని పని కాదు, చివర్లో చేసే చప్పుడు."

"నోటు నాకు తెలుసు. కానీ ఇది కదలికను పసిగడుతుందని లాబు అనలేదే. మోగుతుందని మాత్రమే అంది. పైగా దొంగల అలారం కూడా కదలికను పసిగట్టేదే కదమ్మా."

"అది కదిలితే మోగుతుంది. ఇది కదలకపోతే మోగుతుంది!"

"ఆ తేడా పుస్తకంలో లేదు."

మిరపకాయ ఆ పుస్తకాన్ని ఎత్తి ఆయన నెత్తిన వెయ్యలేదు. ఆ మాత్రం నిగ్రహాన్ని ఆవిడ ఖాతాలో వేసుకోవచ్చు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది. "పదండి లాబుకి. మీ కళ్ల ముందు పరీక్ష చేయిద్దాం. విచారణలో మళ్లీ పరీక్ష అడిగే హక్కు నాకుంది. ఇప్పుడే అడుగుతున్నాను. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు, అక్షరం పొల్లుపోకుండా. హక్కు అంటే ఆయన కాదనడు.

లాబు వెనక బ్లాకులో, కింది అంతస్తులో ఉంది. మధ్యలో నల్లరాతి బల్ల. ఆ బల్ల కాళ్లు నేలకు ఆనవు, నేలకు కంత పెట్టి వేరే పునాది మీద నిలబెట్టారు. సన్నటి తూకాలు చెడకుండా ఉండాలని కట్టించిన బల్ల అది. బయట రోడ్డు మీద లారీలు పోయినా దాని మీద గ్లాసులో నీళ్లు వణకవు. లాబు మాస్టారుకు ఆ బల్లంటే ప్రాణం. ఆయన సన్నగా, పొడుగ్గా, ఇంకో ఏడాదిలో రిటైరవబోయే మనిషి. ఇరవై ఎనిమిదేళ్లలో తన రిపోర్టు ఒక్కటీ వెనక్కి రాలేదని ఆయనకో గర్వం. అది ఆయన ఎవరికీ చెప్పుకోడు, మిగతావాళ్లు చెబుతుంటే కాదనడు.

మాస్టారు నమూనా సీలు విప్పి, చాపను రాతి బల్ల మధ్యలో పెట్టి, స్విచ్ వేశాడు. నలుగురూ చూస్తూ నిలబడ్డారు. ఇరవై సెకన్లకు చెవులు చిల్లులు పడేలా మోగింది.

"చూశారా?" అన్నాడు కామా సారు, చెవులు మూసుకుని.

"చూశాను! మోగదా మరి? ఊళ్లోకెల్లా కదలని బల్ల వెతికి దాని మీద పెట్టారు. దాని మీద ఊపిరి లేదు. ఊపిరి లేదని అది గొంతు చించుకుని చెబుతోంది. అది ఒప్పు చెప్పింది, మీరు తప్పు రాశారు!"

మాస్టారు స్విచ్ ఆపేశాడు. ఆయన మొహంలో రంగు మారడం మొదలైంది. చాప వైపు, బల్ల వైపు మార్చి మార్చి చూశాడు.

"అయితే దీని మీద... ఎవరైనా..." అన్నాడు.

"పెద్దవాళ్లున్నా పనిచేస్తుందండీ" అంది ఆడపడుచు. "కంపెనీ వాళ్లు వార్డులో నన్నే పడుకోబెట్టి చూపించారు. నేను పడుకుంటాను."

"కుదరదమ్మా" అన్నాడు కామా సారు. "దిగుమతిదారు తరఫు మనిషి పరీక్షలో పాల్గొనకూడదు."

 మాస్టారు బూట్లు విప్పాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తన ప్రాణమైన రాతి బల్ల ఎక్కి, చాప వీపు కిందికి వచ్చేలా వెల్లకిలా పడుకున్నాడు. తెల్లకోటు మోకాళ్ల దాకా లేచింది. ఆయన సాక్సుకి ఒక చోట కుట్టు ఉంది.

ఆడపడుచు స్విచ్ వెయ్యబోయి ఆగి, కామా సారు వైపు చూసింది. ఆయనే వచ్చి వేశాడు. ఇరవై సెకన్లు అయ్యాయి. నలభై అయ్యాయి. నిమిషం దాటింది. చప్పుడు లేదు. మాస్టారు పొట్ట లేస్తోంది, పడుతోంది.

"ఇప్పుడు ఊపిరి బిగబట్టండి" అంది మిరపకాయ.

ఆయన బిగబట్టాడు. గోడ మీద గడియారం ముల్లు నడుస్తోంది. ఇరవై సెకన్లకు చాప మోగింది. మోగీ మోగగానే ఆడపడుచు ఒక్క అంగలో బల్ల చేరి, ఆ ముసలాయన అరికాలి మీద వేలితో గట్టిగా మీటింది. తర్వాత తను ఏం చేసిందో తనకే తెలిసి, చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కకు తిరిగి కొంగుతో మొహం అద్దుకుంది.

మాస్టారు లేచి కూర్చున్నాడు. చాలాసేపు తన పాదం వైపే చూస్తూ ఉన్నాడు.

"కానీ సూత్రప్రకారం చూస్తే..." అని మొదలుపెట్టాడు కామా సారు.

"సూత్రం తర్వాత సార్" అన్నాడు మాస్టారు. ఆయన గొంతు పెంచడం ఆ గోడలు వినడం అదే మొదటిసారేమో. "పరీక్ష నాది. పరీక్ష తప్పు చేశాను. రిపోర్టు మారుస్తున్నాను."

బల్ల దిగి, బూట్లు కూడా వేసుకోకుండా వెళ్లి, పాత రిపోర్టు తెచ్చి, రెండు వాక్యాలనూ అడ్డంగా కొట్టేశాడు. కింద రాశాడు. "పై పరీక్ష పరికరపు పనికి తగిన రీతిలో జరగలేదు. తప్పు నాది. మళ్లీ పరీక్షించగా, ఇది శ్వాసకు సంబంధించిన కదలికను గమనించే పరికరమని, అది ఆగినప్పుడే మోగునని తేలింది." సంతకం పెట్టి, తేదీ వేసి, కామా సారు చేతికిచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల గర్వం ఒక గీతతో పోయింది. 

కాగితం మారింది కాబట్టి కామా సారూ మారాడు. తొంభయ్యో అధ్యాయం తీసి, పచ్చ పెన్సిలుతో గీసి, "అయితే ఇబ్బందేమీ లేదమ్మా" అన్నాడు, ఇబ్బంది ఎక్కడి నుంచో గాలికి కొట్టుకొచ్చినట్టు. మధ్యాహ్నం రెండింటికి విడుదల ఉత్తర్వు చేతికొచ్చింది.

అంతటితో వెళ్లిపోయి ఉంటే బాగుండేది. కానీ మిరపకాయ కోపం ఇంకా తీరలేదు. గెలిచినా తీరలేదు. నమూనా చాపను వెనక్కి తీసుకోవడానికి ఒక్కతే లాబుకు వెళ్లి, మాస్టారు ముందు నిలబడి కడిగేసింది.

"తప్పు నాది అని రాసేస్తే సరిపోయిందా? పదకొండో రోజున ఒక పసివాడు పోయాడు, తెలుసా మీకు? ఖాళీ బల్ల మీద పెట్టి, మోగుతోంది అని రాసి చేతులు దులుపుకున్నారు. ఒక్క క్షణం, ఇది ఏమిటి, ఎవరి కోసం అని అనుకోలేదా? అన్నం తింటున్నారా, టారిఫ్ పేజీలు తింటున్నారా? ఆ తల్లికి ఏం చెబుతారు మీరు?"

మాస్టారు తల వంచుకుని అంతా విన్నాడు.  ఆవిడకు ఊపిరి ఆడక ఆగినప్పుడు, సొరుగు తెరిచి, నమూనాతో పాటు వచ్చిన పసుపుపచ్చ స్లిప్పు తీశాడు.

"మీరన్నది నిజమేనమ్మా. నేను మిమ్మల్ని అనడం లేదు. కానీ అది మోగుతుంటే నాకూ అనుమానం వచ్చింది. ఇదేమిటని అడుగుదామని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. రావాల్సిన వాళ్లు రామని రాశారు."

స్లిప్పు ఆవిడ చేతిలో పెట్టాడు. దాని మీద నాలుగో గడిలో అచ్చు అక్షరాలు. "పరీక్ష సమయంలో దిగుమతిదారు ప్రతినిధి హాజరు: కావాలి, అక్కర్లేదు." అక్కర్లేదు పక్కన టిక్కు. కింద సంతకం. ఆవిడదే.

ఆ టిక్కు ఆవిడకు గుర్తు లేదు. గుర్తుండే అవకాశమే లేదు. ప్రతి సోమవారం ఉదయం టీ తాగుతూ ఆవిడ యాభై ఖాళీ స్లిప్పులు ముందేసుకుని, అక్కర్లేదు అక్కర్లేదు అని టిక్కులు కొట్టి, సంతకాలు పెట్టి సంచిలో వేసుకుంటుంది. కావాలంటే లాబు వాళ్లు తేదీ ఇచ్చేదాకా ఆగాలి, ఆ రోజు పూటంతా స్టూలు మీద కూర్చోవాలి. ఇరవై మూడేళ్లలో ఎప్పుడూ కూర్చోలేదు. సిమెంటుకూ, మేకులకూ, ఉన్నికీ ఎవరైనా కూర్చుంటారా? కొత్తగా చేరిన ఏజెంట్లకు ఆవిడే చెప్పింది, పని తెలిసినవాళ్లు ఆ గడిలో ఆలోచించరని.

ఒక్క పూట కూర్చుని ఉంటే చాలు. "ఏమండీ, ఇది పిల్లల కిందికి" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే, అయిదో రోజుకి చాపలు వార్డులో ఉండేవి.

 అంతసేపూ మిరపకాయ ఎవరెవరినో తిట్టిన తిట్లన్నీ తిరిగి వచ్చి ఒక్కొక్కటే తగులుతున్నాయి. మాస్టారుకు నమస్కారం కూడా పెట్టకుండా, చాప చంకలో, స్లిప్పు గుప్పిట్లో పెట్టుకుని బయటకు నడిచింది. ఆవిడ మీద ఆవిడకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, రావచ్చని కూడా ఆవిడకు తెలియదు.

గోదాము గేటు దగ్గర ఆసుపత్రి వ్యాను ఆగి ఉంది. ఆడపడుచు పెట్టెలు లోపల సర్దించి, నమూనా చాప కోసం చేతులు చాచింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆ మొహంలో వెలుగు కనబడింది.

"ఎంత మాట్లాడావు వదినా లోపల! నీ స్థానంలో ఇంకెవరున్నా ఈ చాపలు రోలరు కింద పడేవి. మా అన్నయ్య అదృష్టవంతుడు. ఈ మాట నా నోట వస్తుందని నేనే అనుకోలేదు" అని వదిన చెయ్యి పట్టుకుంది.

పట్టుకున్న చేతిలో స్లిప్పు ఉంది. దాచుకోవడం చాలా తేలిక. చెయ్యి వదిలించుకుని సంచిలో పడేస్తే, ఆ టిక్కు సంగతి మాస్టారుకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన చెప్పే మనిషి కాదు. చెప్పకపోవడానికి కారణాలు వెతికితే వంద దొరుకుతాయి. మిరపకాయ వెతకలేదు. గుప్పిట విప్పి చూపించింది.

"ఇది చదువు. నాలుగో గడి. పరీక్షకి నేను వెళ్లి నిలబడాల్సింది. అక్కర్లేదని కొట్టాను. చూసి కొట్టలేదు, సోమవారం మూటలో కొట్టేశాను. నేనుంటే ఆయన ఆ రోజే అడిగేవాడట."

ఆడపడుచు చదివింది. మళ్లీ చదివింది. పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది. వ్యాను డ్రైవరు హారను కొట్టి, వీళ్ల మొహాలు చూసి ఇంజను ఆపేశాడు.

"తిట్టు" అంది మిరపకాయ. "ఏదో ఒకటి అను."

"ఆ బిడ్డ తల్లి ఇంకా పక్క వార్డులోనే ఉంది" అంది ఆడపడుచు. గొంతులో తడి లేదు, కోపం కూడా పైకి లేదు. "కుట్లు మానలేదు. రోజూ నన్ను పిలిచి అడుగుతుంది, ఎందుకిలా అయిందని. మెషీన్లు వచ్చాయమ్మా, వాళ్లెవరో ఆఫీసులో ఆపేశారు అని చెప్పాను. వాళ్లెవరో అన్నాను వదినా. పదిహేను రోజులుగా ఆవిడ ఆ వాళ్లెవరినో శపిస్తోంది."

స్లిప్పును మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది. వ్యాను తలుపు తెరిచి ఎక్కి, లోపల పక్క సీటు మీదున్న పెట్టెను ఒళ్లోకి తీసుకుంది. సీటు ఖాళీ అయింది.

"సాయంత్రం ఆవిడ మళ్లీ అడుగుతుంది. నన్ను చెప్పమంటావా, నువ్వే వస్తావా?"

 మిరపకాయ వ్యాను ఎక్కి, ఆ సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.